బెజవాడ ఎండలే చూశాం, డెత్ వ్యాలీ ఒక లెక్కా? అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు టూర్లు ప్లాన్ చేయడం నా పని. లాస్ వేగాస్ వెళ్తున్నాం, అక్కడికి రెండు గంటలే కదా, డెత్ వ్యాలీ నేషనల్ పార్క్ కూడా కలపండి అంటారు. తప్పకుండా చూడాల్సిన చోటే. కానీ జూన్, జులైలో వెళ్తామంటే మాత్రం నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: రోహిణి కార్తె ఎండలు తట్టుకున్నవాళ్లం, అక్కడి ఎండ మమ్మల్నేం చేస్తుంది?

వాస్తవం: మన గాలిలో తేమ ఎక్కువ. బెంజ్ సర్కిల్ దాటేలోపే చొక్కా తడిసిపోతుంది, నీళ్లు తాగాలని మనకే తెలుస్తుంది. అక్కడిది పొడిగాలి. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, కాలర్ మీద, టోపీ అంచున తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. అవి కనిపించేసరికి ఒంట్లో నీళ్లు చాలా పోయి ఉంటాయి. అందుకే దాహం వేసేదాకా ఆగకూడదు. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు కారులో ఉండాలి, నడిచేవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. అదేపనిగా ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఇంత పులిహోర పెట్టుకోండి. బీపీకి మందులు వాడేవాళ్లు ముందే డాక్టర్‌ని అడగండి.

ఇంకో మాట. 1913 జులై 10న అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే.

అపోహ: ఎడారే కదా, రాత్రికి చల్లబడుతుంది.

వాస్తవం: చలికాలంలో నిజమే. జులైలో రాత్రిపూట కూడా 30 డిగ్రీల పైనే ఉండడం మామూలు. అక్కడి ఉప్పు మైదానం బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉంది, చుట్టూ ఎత్తైన కొండలు. పైకి లేచిన వేడిగాలి మళ్లీ లోయలోకే దిగి ఇంకా వేడెక్కుతుంది.

అపోహ: ఇసుకలో నడకకి చెప్పులు చాలు.

వాస్తవం: అసలు అక్కడ ఇసుక తిన్నెలు ఒక శాతం కూడా లేవు. ఎక్కువగా ఉన్నవి రాళ్ల కొండలు, ఉప్పు మైదానాలు, లోయలు. ఉన్న తిన్నెల మీదే 2024 జులైలో ఒక బెల్జియం టూరిస్టుకి చెప్పులు పోయి అరికాళ్లు తీవ్రంగా కాలిపోయాయి. ఆ వేడికి గాలి పలచబడి హెలికాప్టర్ దిగలేకపోయింది. అంబులెన్స్‌లో ఎత్తు ప్రాంతానికి చేర్చి, అక్కడ ఎక్కించాల్సి వచ్చింది. బూట్లు, మందపాటి సాక్సులు లేకుండా కారు దిగొద్దు.

అపోహ: వానే పడని చోట వరదేంటి?

వాస్తవం: 2024లో పైనుంచి వచ్చిన బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ఎలా ముంచాయో చూశాం. అక్కడా అంతే, కొండల మీద కురిసిన వాన ఇరుకు లోయల్లోకి ఉరికి వస్తుంది. 2023 ఆగస్టు 20న ఏడాది వానంతా ఒక్కరోజే కురిసి, పార్క్ దాదాపు రెండు నెలలు మూతపడింది. మబ్బు పట్టిందంటే లోయల్లోకి అడుగు పెట్టొద్దు.

అపోహ: ఫోన్‌లో మ్యాప్ ఉందిగా.

వాస్తవం: చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. కాగితం మ్యాప్ తీసుకోండి. కారు ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు.

నవంబరు నుంచి మార్చి దాకా అయితే గోల్డెన్ కాన్యన్‌లో హాయిగా నడవొచ్చు. వేసవిలోనే కుదిరితే సూర్యోదయానికి జాబ్రిస్కీ పాయింట్, ఆ వెంటనే బ్యాడ్‌వాటర్ చూసి పదిలోపు కారెక్కేయండి. తర్వాత 1,669 మీటర్ల ఎత్తున్న డాంటేస్ వ్యూకి వెళ్లండి. లోయ కంటే దాదాపు 10 డిగ్రీలు చల్లగా ఉంటుంది, లోయంతా అక్కడి నుంచే కనిపిస్తుంది.