పదో తరగతి జామెట్రీ: అపోహలు, వాస్తవాలు

కావలిలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులు అనేది దాదాపు ఒకటే: "మావాడు ఆల్జీబ్రా చేసేస్తాడు సార్, జామెట్రీ అంటేనే టెన్షన్." ఆ టెన్షన్‌లో సగం ఈ కింది మాటల వల్లేనని నా అనుమానం.

అపోహ: సిద్ధాంతాలు బట్టీ పడితే చాలు.

బట్టీ పట్టిన పిల్లాడికి ఏబీసీ బదులు పీక్యూఆర్ అని పేర్లు మార్చి, బొమ్మని కాస్త తిప్పి ఇచ్చి చూడండి, అక్కడే ఆగిపోతాడు. నిజానికి గుర్తుంచుకోవాల్సింది చాలా తక్కువ. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలని చూపాలంటే పై శీర్షం గుండా భూమికి, అంటే కింది భుజానికి, సమాంతరంగా ఒక గీత గీయాలని తట్టాలి, అంతే, మిగతాది ఏకాంతర కోణాలు (రెండు సమాంతర రేఖల్ని ఒక గీత ఖండిస్తే దానికి అటూ ఇటూ లోపల వచ్చే సమాన కోణాలు) చూసుకుంటాయి.

అపోహ: బొమ్మలో కనబడుతోంది కదా, కొలిస్తే వచ్చేసింది కదా, మళ్లీ నిరూపణ ఏంది సార్?

ఈ ప్రశ్న నాకు ఇష్టం. ఇది అడిగినోళ్లకి గ్రాఫ్ పేపరు ఇస్తా. 8 గడుల చదరం కత్తిరించి, దాన్ని 8 × 3, 8 × 5 ముక్కలు చేయండి. చిన్న ముక్కని కర్ణం మీద కోస్తే రెండు త్రిభుజాలు. పెద్దదాన్ని ఏటవాలుగా, ఒక పొడవు అంచు మీద 5 గడుల దగ్గర మొదలుపెట్టి ఎదుటి అంచు మీద అదే చివర నుంచి 3 గడుల దగ్గర తేలేలా కోస్తే రెండు ట్రెపీజియంలు. ఈ నాలుగింటినీ మార్చి పేరిస్తే 13 × 5 దీర్ఘచతురస్రం వచ్చినట్టే ఉంటుంది. 64 గడులు 65 ఎలా అయ్యాయి? త్రిభుజం వాలు 3/8, ట్రెపీజియం వాలు 2/5. రెండూ ఒకటి కావు, కాబట్టి కర్ణం పొడవునా సన్నని సందు మిగులుతుంది, దాని వైశాల్యమే ఆ ఒక్క గడి. కంటికి దొరకదు, లెక్కకి దొరుకుతుంది.

రెండు భుజాలు, ఏదో ఒక కోణం సమానమైతే త్రిభుజాలు సర్వసమానం (ఒకదాని మీద ఒకటి అచ్చంగా సరిపోతాయి) అనుకోవడం ఇంకోటి. 8 సెం.మీ. గీత గీసి, ఒక చివర 30 డిగ్రీల కిరణం గీసి, రెండో చివర నుంచి 5 సెం.మీ. చాపం వేయండి. అది కిరణాన్ని రెండు చోట్ల, సుమారు 3.9, 9.9 సెం.మీ. దగ్గర ఖండిస్తుంది. అంటే అవే కొలతలతో రెండు వేర్వేరు త్రిభుజాలు. కోణం ఆ రెండు భుజాల మధ్య ఉండాలని పుస్తకం పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: బయట ఎక్కడా పనికిరాదు.

ఒంగోలులోనో చీమకుర్తిలోనో పునాదికి ముగ్గు పోసే మేస్త్రిని చూడండి. మూల నుంచి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తుపెట్టి, మధ్యలో టేపు 5 అడుగులు చూపేదాకా దారం జరుపుతాడు. ఆయన వాడుతున్నది పైథాగరస్ సిద్ధాంతం విపర్యయం, అంటే దాన్ని తిరగేసిన మాట: రెండు భుజాల వర్గాల మొత్తం మూడోదాని వర్గానికి సమానమైతే ఆ రెండింటి మధ్య మూల లంబకోణమే. పెద్ద గదికి 6, 8, 10 మేలు, టేపులో కాస్త తేడా వచ్చినా మూల అంతగా తప్పదు. కర్ణాలు రెండూ సమానమైతే గది సరిగ్గా ఉన్నట్టేనా అంటే, ఎదురెదురు గోడలు కూడా సమానమైతేనే.

ఇక "మావాడికి బొమ్మలు రావు" అనేవాళ్లకి: నిరూపణకి చేత్తో గీసిన వంకర బొమ్మ చాలు. అందంగా సమబాహు త్రిభుజంలా గీస్తేనే ప్రమాదం, ఇవ్వని సమానత్వాలు కూడా ఉన్నట్టు అనిపిస్తాయి. నిర్మాణాల ప్రశ్నకి మాత్రం పెన్సిల్ చెక్కుకుని కూర్చోండి.