రీక్రిస్టలైజేషన్‌కి నీళ్లెన్ని? అపోహలు - వాస్తవాలు

మలినాలున్న పదార్థాన్ని వేడినీళ్లలో కరిగించి, చల్లార్చి, శుభ్రమైన పలుకులుగా (క్రిస్టల్స్) రాబట్టడమే రీక్రిస్టలైజేషన్. ప్రాక్టికల్స్ దగ్గరపడితే చాలు, కోనసీమలో మా డిగ్రీ కాలేజీ ల్యాబ్ అంతా ఒకటే గోల: "సార్, క్రిస్టల్స్ రావట్లేదండి!"

అపోహ: పుస్తకంలో ఉన్న ద్రావణీయతతో (100 మి.లీ. నీటిలో ఎన్ని గ్రాములు కరుగుతుందో ఆ అంకెతో) భాగిస్తే పోయాల్సిన నీళ్లు తేలిపోతాయి.

వాస్తవం: ఏ ఉష్ణోగ్రత దగ్గరి ద్రావణీయత? బెంజోయిక్ ఆమ్లం 100 మి.లీ. నీటిలో 25 డిగ్రీల దగ్గర 0.34 గ్రాములే కరుగుతుంది, 100 డిగ్రీల దగ్గర 5.6 గ్రాములు. మొన్న ఒకమ్మాయి 5 గ్రాముల శాంపిల్‌కి 0.34తో లెక్కగట్టి దాదాపు లీటరున్నర నీళ్లు పోసేసింది. భాగహారం తప్పేం లేదు. కానీ అన్ని నీళ్లలో చల్లారాక కూడా మొత్తం కరిగే ఉంటుంది, పలుకు కూడా రాలదు. శాంపిల్ పాడైపోయిందని పాపం ఒకటే టెన్షన్. "ఎక్కడికీ పోలేదమ్మా, నీళ్లలోనే ఉంది" అని ఐస్‌లో పెట్టించాను. కాసేపటికి బీకరు అడుగున తెల్లటి రేకులు పేరుకున్నాయి. ఇంచుమించు సగం దక్కింది. మరిగించి ఇగరబెట్టొచ్చుగా అంటారేమో, ఈ ఆమ్లం ఆవిరితో పాటే లేచిపోతుంది.

మరిగే వేడి దగ్గరి అంకె తీసుకోండి: 5ని 5.6తో భాగించి 100తో గుణిస్తే సుమారు 90 మి.లీ. అది కనీసం. వేడి మీద వడకట్టేటప్పుడు ఫిల్టర్ పేపర్ మీదే గడ్డకట్టకుండా ఇంకో 15 మి.లీ. కలపండి. చల్లని అంకె పనికొచ్చేది నష్టం లెక్కకి: 105 మి.లీ.లో 0.36 గ్రాములు మిగిలిపోతాయి.

"నీళ్లెక్కువైతే సరుకు ఇంకా శుభ్రమవుతుంది" అన్న మాట సీనియర్ల నుంచి జూనియర్లకి ఎవరు అంటించారో గానీ, 300 మి.లీ. పోస్తే గ్రాము సింక్‌లోకి పోయినట్టే. పైగా పుస్తకంలో రూమ్ టెంపరేచర్ అంటే 25. మే నెలలో మన ల్యాబ్ అంత చల్లగా ఉంటుందా? 40 దగ్గర 0.55 కరుగుతుంది. అందుకే ముందు దానంతటదే చల్లారనిచ్చి, ఆ తర్వాత ఐస్‌లో పెట్టండి.

మిగతావి గబగబా. ఇంకాస్త వేడినీళ్లు పోసినా కరగని నలుసులు మలినాలే, వాటి కోసం నీళ్లు పెంచకండి. దిగుబడి వేసినదానికంటే ఎక్కువొస్తే సంబరపడకండి, తడి ఆరలేదంతే. కరిగించేది నీళ్లు కాక ఆల్కహాల్ అయితే బర్నర్ మీద కాదు, వాటర్ బాత్ మీద. రంగు మలినాలు పోవడానికి వేసే బొగ్గుపొడి మాత్రం మరుగుతున్నప్పుడు వేయకండి, పొంగి చేతిమీద పడుతుంది.