పీథంపూర్ బూడిద వెనుక 1973 నాటి నిర్ణయం

భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ వ్యర్థాలను కాల్చగా మిగిలిన బూడిదను ఎక్కడ పూడ్చాలన్నది మళ్లీ వివాదమైంది. 2025 జనవరిలో కంటెయినర్లలో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్ చేర్చిన 337 టన్నులను జూన్ నెలాఖరుకల్లా కాల్చేశారు. సున్నం కలిపి కాల్చడంతో మిగిలింది మాత్రం అంతకు రెట్టింపు పైనే.

1984 డిసెంబరు రాత్రి ఏం జరిగిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ వ్యర్థాలు ఆ రాత్రివి కావు. అక్కడ తయారైన సెవిన్ పురుగుమందు మిగుళ్లు, దాని ముడిసరుకైన నాఫ్తాల్ మడ్డి, రియాక్టర్ల అడుగున పేరుకున్నది, వీటితో తడిసిన మట్టి... ఫ్యాక్టరీ మామూలుగా నడిచిన రోజుల్లో వదిలినవే ఇవన్నీ. అందుకే చూడాల్సిన ఏడాది, ఆ ఫ్యాక్టరీ ఎలా నడవాలో నిర్ణయించిన 1973.

సెవిన్ తయారీకి రెండు దారులున్నాయి. నాఫ్తాల్‌ను ఫాస్‌జీన్‌తో చర్య జరిపి, తర్వాత మిథైల్ అమీన్ చేర్చడం ఒకటి. ఫాస్‌జీన్ కూడా ప్రాణాంతకమే, కానీ ఈ దారిలో మిక్ (మిథైల్ ఐసోసయనేట్, 1984లో లీకైన విషం) అసలు పుట్టదు. అమెరికాలో యూనియన్ కార్బైడ్ ఏళ్ల తరబడి సెవిన్ చేసింది ఇలాగే. రెండోది, ముందే మిక్ తయారుచేసి నాఫ్తాల్‌తో కలపడం. ఖర్చు తక్కువ. భోపాల్‌కు ఈ రెండోదాన్నే ఎంచుకున్నారు, మిక్‌ను టన్నులకొద్దీ ట్యాంకుల్లో నిల్వ పెట్టారు. పుట్టిన మిక్‌ను పుట్టినట్టే వాడేసే పద్ధతి సాధ్యమేనని తర్వాత టెక్సాస్‌లో మరో అమెరికా కంపెనీ డ్యూపాంట్ చూపించింది.

కార్బన్ మోనాక్సైడ్, నాఫ్తాల్ విభాగాల సాంకేతికతను వాణిజ్య స్థాయిలో పరీక్షించలేదని, నిరూపితమైన పద్ధతితో పోలిస్తే ఇక్కడ విఫలమయ్యే ముప్పు ఎక్కువని 1973 నాటి కంపెనీ పెట్టుబడి ప్రతిపాదనే చెబుతోంది. దశాబ్దాల తర్వాత న్యూయార్క్ కోర్టు కేసులో ఈ కాగితాలు బయటపడ్డాయి. ముప్పు తెలిసే ఒప్పుకున్నారు. ఫ్యాక్టరీ నడిపే భారత కంపెనీలో అమెరికా మాతృసంస్థకున్న 50.9 శాతం వాటా చేజారకుండా పెట్టుబడిని కుదించారు. నాఫ్తాల్ విభాగం సరిగా నడవనే లేదు, చివరికి నాఫ్తాల్‌ను దిగుమతి చేసుకున్నారు. వ్యర్థజలాలను ప్లాస్టిక్ షీట్లు పరిచిన చెరువుల్లోకి వదిలారు. చెరువు కారుతోంది, ఆందోళనగా ఉందని 1982లో భోపాల్ నుంచి అమెరికాకు టెలెక్స్ వెళ్లింది. అంటే గ్యాస్ లీకుకు రెండేళ్ల ముందే నేలలోకి విషం దిగుతోందని వాళ్లకు తెలుసు.

ఆ రాత్రి ఎవరో కార్మికుడు కావాలనే మిక్ ట్యాంకులోకి నీళ్లు వదిలాడని, ఫ్యాక్టరీ నడిపింది భారత విభాగమేనని కంపెనీ వాదన. 2001లో కార్బైడ్‌ను కొన్న అమెరికా రసాయన కంపెనీ డౌ, బాధ్యత తమకు సంక్రమించదంటోంది. స్థలం 1998లోనే మధ్యప్రదేశ్ ప్రభుత్వం చేతికొచ్చింది.

337 టన్నులను వదిలించుకోవడానికి కేంద్రం 126 కోట్ల రూపాయలు ఇచ్చింది. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కలిసి ఫ్యాక్టరీ ఆవరణలో కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులని అంచనా కట్టాయి. అదింకా అక్కడే ఉంది. దాన్ని తీయించే ఖర్చు డౌ నుంచే రాబట్టాలని బాధితుల సంఘాలు అడుగుతున్నాయి.