బాతుకు బాణం తగిలితే

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాట ఇంకా మనసులో తిరుగుతోంది. మీ ఇంటి వెనక కుంటకు కెనడా బాతులు గుంపులుగా వచ్చి, గడ్డంతా మేసి, నడిచే దారినిండా రెట్టలేస్తున్నాయని, మీకు తెలిసినాయన వాటిని విల్లుతో వేటాడటానికి లైసెన్సు తీసుకున్నాడని చెప్పి, "తాతా, బాణం తగిలితే బాతుకు బాగా నొప్పి అయితదా?" అన్నావు. ఇక్కడి పిల్లలు కూడా చదువుతారని రాసి పంపుతున్నా.

అయితది బిడ్డా. ఎంతసేపు అన్నది మాత్రం కొట్టేవాడి చేతిలో ఉంది.

మన నల్లగొండలో కల్లు కోసం తాటిచెట్టు గీసే గౌడ మామను చూశావు కదా. చెట్టెక్కే ముందు ఎంతసేపు కత్తి నూరుతాడు! మొద్దు కత్తితో గీస్తే గెల నలిగిపోతుంది, పదునుదైతే సన్నగా చెక్కు లేస్తుంది. బాణమూ అంతే, తూటాలా గుద్ది చంపదు, కోసి చంపుతుంది. పదునైన మొన రెక్క మొదట్లో గుండె, ఊపిరితిత్తులున్న చోట దిగితే రక్తం పోయి బాతు తొందరగా ప్రాణం విడుస్తుంది. ఆ చోటు చాలా చిన్నది, పైన దట్టంగా ఈకలు. మామ కింద నిలబడి కత్తి విసరడు కదా, మోకు వేసుకుని గెల దాకా పోతాడు. వేటగాడు కూడా 20 గజాల లోపుకు పోవాలి, ఎగిరేదాన్ని కొట్టొద్దు, వెనక ఇంకో బాతుంటే బాణం వదలొద్దు. గాలి గట్టిగా వీస్తే మామ ఆ రోజు చెట్టెక్కడు, వేటగాడూ అంతే. మామ మళ్లీ పొద్దున పోయి లొట్టి చూసుకున్నట్టే, వేటగాడు కొట్టిన పిట్టను దొరికేదాకా వెతకాలి.

ఆ ఆఖరి మాట నాకెట్లా తెలుసంటే, పదేళ్లప్పుడు జొన్నచేలో మంచె మీద కావలి ఉండేవాణ్ని. వడిసెలతో చప్పుడు చేసి చిలుకలను తోలడమే నా పని, కానీ ఒకనాడు గురిపెట్టి కొట్టిన. రెక్క విరిగి జొన్నల్లో పడ్డది. అరుపు వినిపిస్తోంది, పిట్ట దొరకదు. చీకటి పడేదాకా సాళ్లన్నీ వెతికిన. అరుపు ఆగిపోయింది, నేను ఏడ్చుకుంట ఇంటికొచ్చిన. ఆ వడిసెల మళ్లీ పట్టలేదు.

అట్లని అక్కడోళ్ల బాధ అబద్ధం కాదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఈ బాతులే ఇంజన్లలోకి పోయి, విమానాన్ని హడ్సన్ నదిలో దించాల్సి వచ్చింది, 155 మందీ బతికారు. కానీ బాణం కన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. నీళ్ల పక్కన గడ్డిని ఎత్తుగా పెరగనిస్తే, దాని వెనక ఏముందో కనబడక అవి అక్కడ మేయడానికి జంకుతాయి. అనుమతి తీసుకుని గుడ్లకు మక్కజొన్న నూనె పూస్తారు, గాలి ఆడక పిల్ల ఎదగదు. గుడ్లు ఎత్తుకుపోతే తల్లి మళ్లీ పెట్టొచ్చు, పూసినవాటిని మాత్రం పొదుగుతూనే కూర్చుంటుంది. అది తలుచుకుంటే నాకు దిగులే. లైసెన్సు తీసుకున్న ఆ అంకుల్‌ను ముందు గడ్డి సంగతి అడుగు.

ఇక్కడి పిల్లలూ, మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుల వేట నేరం. చలికాలంలో హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చే బాతులున్నాయి, తెల్లటి తల మీద రెండు నల్ల గీతలుంటాయి. అంత ఎత్తున అంత పలుచని గాలిలో ఎట్లా ఎగురుతాయో, ఎన్నిసార్లు అనుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. చెరువు కట్ట మీద కూర్చుని వాటికోసం చూడండి, రాళ్లు వేయకండి.

నువ్వు ఆదివారం కుంట దగ్గర కదలకుండా కూర్చో. అన్నీ మేస్తుంటే ఒకటి మాత్రం మెడ ఎత్తి నిలబడుతుంది. అది తల దించాక ఏది ఎత్తుతుందో చూసి నాకు ఫోన్ చెయ్.

మీ తాత