అవతలి వాదనకు చోటు పోయింది 1987లో

ప్రసారాల నియంత్రణ సంస్థ అధిపతి హెచ్చరించాక, జిమ్మీ కిమ్మెల్ హాస్య షోను ఏబీసీ టీవీ నెట్‌వర్క్ 2025 సెప్టెంబరులో కొద్ది రోజులు నిలిపివేసినప్పటి నుంచి అమెరికాలో ఒక ప్రశ్న నలుగుతూనే ఉంది. టీవీ హాస్యగాడి మాటలతో ప్రభుత్వ నియంత్రణ సంస్థకు పనేమిటి? ప్రసారాలు ప్రజాప్రయోజనానికి తగ్గట్టు ఉండాలన్నది ఆ సంస్థ, అంటే ఎఫ్‌సీసీ, చైర్మన్ బ్రెండన్ కార్ వాదన.  ఈ కథ మలుపు తిరిగింది 1987 ఆగస్టు 4న.

ఆ రోజు ఎఫ్‌సీసీ 4-0 ఓట్లతో ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’కు మంగళం పాడింది. వివాదాస్పద ప్రజాసమస్యలను చర్చించాలని, అవతలి పక్షానికీ చోటివ్వాలని రేడియో, టీవీ స్టేషన్లకు 1949 నుంచి ఉన్న నిబంధన అది. పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే చిన్న ఊరుంది. అక్కడి రేడియోలో 1964లో బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే మతబోధకుడు రచయిత ఫ్రెడ్ కుక్‌ను దుయ్యబట్టాడు. జవాబిచ్చుకోవడానికి ఉచితంగా సమయం ఇమ్మని కుక్ అడిగితే, స్టేషన్ వారు ప్రసార సమయం ధరల పట్టిక పంపారు! వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. స్టేషన్ యజమాని హక్కు కంటే శ్రోతల హక్కే మిన్న అని 1969లో కోర్టు తేల్చింది.

అధ్యక్షుడు రీగన్ నియమించిన ఎఫ్‌సీసీ చైర్మన్ మార్క్ ఫౌలర్ దృష్టిలో టీవీ కూడా ఒక గృహోపకరణమే, బొమ్మలు కనిపించే టోస్టర్. నిబంధనకు చట్టరూపమిస్తూ అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఆమోదించిన బిల్లును 1987 జూన్‌లో రీగన్ వీటో చేశారు. నిబంధనకు జడిసి స్టేషన్లు వివాదాల జోలికే పోవడం లేదన్నది రద్దు కోరినవారి మాట.

ఏడాది తిరగకముందే, 1988 ఆగస్టు 1న, రిపబ్లికన్ల పక్షాన మాట్లాడే రష్ లింబా రేడియో షో దేశవ్యాప్తంగా మొదలైంది. రోజూ గంటల తరబడి ఒకే పక్షం మాట. 1994లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను గెలుచుకున్నారు. కొత్తగా నెగ్గినవారు లింబాకు గౌరవ సభ్యత్వం కట్టబెట్టారు. ఆయన టీవీ షో నిర్మాత రోజర్ ఐల్సే 1996లో ఫాక్స్ న్యూస్ అనే కేబుల్ వార్తా చానల్ సారథి అయ్యారు. కేబుల్ చానళ్లకు పాత నిబంధన ఎలాగూ వర్తించేది కాదు, నిజమే. కానీ ఏకపక్ష ప్రసంగానికి శ్రోతలున్నారని రుజువు చేసింది ఆ రేడియోనే.

ఎన్నికల అభ్యర్థులకు ప్రసారాల్లో సమాన అవకాశం ఇవ్వాలన్న 1934 నాటి నియమం మాత్రం మిగిలింది. జే లెనో టీవీ టాక్ షోలో, కాలిఫోర్నియా గవర్నర్ పదవికి పోటీలో ఉన్న నటుడు ష్వార్జ్‌నెగర్ ఇంటర్వ్యూకు 2006లో దాని నుంచి మినహాయింపు దొరికింది. అలాంటి మినహాయింపు తమకూ ఉందనుకోవద్దని 2026 జనవరిలో ఎఫ్‌సీసీ హెచ్చరించింది టీవీ టాక్ షోలను. టాక్ రేడియోను కాదు.