సైకిల్ చైనుకి నూనె ఎక్కడ వేయాలి

బుజ్జీ, చిన్నీ,

మొన్న వీడియో కాల్‌లో మీ సైకిలు చూపించారు కదా, అప్పటి నుంచీ నా మనసు ఆ చైను మీదే ఉంది. వానలో తడిసి ఎర్రబడితే పైనుంచి బాగా నూనె పోశామని చెప్పారు. నూనె వేయాలని మీ అంతట మీకే తోచినందుకు సంతోషం. కానీ ఆ నూనె చేరాల్సిన చోటికి చేరలేదర్రా. కాకినాడలో ముప్పై ఏళ్ళు సైకిల్ షాపు నడిపినవాణ్ణి, ఈ ఒక్కటీ మీకు సరిగ్గా చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఇనుము, గాలిలోని ఆక్సిజన్, నీరు, ఈ మూడూ కలిస్తే తుప్పు. అల్యూమినియం గిన్నెకి కూడా గాలి తగిలి పైన సన్నటి పొర ఏర్పడుతుంది, కానీ ఆ పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. అది ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఉబ్బి పెచ్చులుగా రాలిపోతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడి మళ్ళీ తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా వేగం. ఉప్పాడ బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే సైకిళ్ళని చూస్తే చాలు, చైను మీద సముద్రపు గాలి పని తెలిసిపోతుంది.

ఫ్రేముకి రంగు వేస్తాం, హ్యాండిల్‌కి క్రోమియం పూత ఉంటుంది. చైనుకి లోపల రంగు వేయలేం, రెండు తొక్కులు తొక్కగానే రాపిడికి లేచిపోతుంది. కదిలే చోట నూనే రంగు. నీటిని దగ్గరికి రానివ్వదు, ఇనుమూ ఇనుమూ నేరుగా రాసుకోకుండా మధ్యలో నిలబడుతుంది. మీ ముత్తాత ఎడ్లబండి ఇరుసుకి కందెన వేసేవారు, వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి. ఆముదం చిక్కగా ఉండి లోహాన్ని వదలదు. క్యాస్ట్రాల్ అనే ఇంజనాయిల్ పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచి వచ్చిందే.

ఇప్పుడు చైను దగ్గరికి రండి. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే రోలరు ఉంటాయి. అరుగుదల అంతా పిన్ను దగ్గరే, కంటికి కనిపించని చోట. మీరు పోసిన నూనె ఎక్కువగా బయటే ఉండిపోయింది. దానికి రోడ్డు మీది ఇసుక అంటుకుంటే నూనె కాస్తా సాన పట్టే ముద్ద అవుతుంది. రాలిన తుప్పు పొడి కూడా ఆకురాయిలా అరగదీస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఈ తప్పు చేశాను. ఒకాయన చైనుకి మెరిసేలా గ్రీజు పూసి పంపాను. కొన్నాళ్ళకే ఇసుకతో నల్లటి పిండిలా గడ్డకట్టి, వెనక చక్రానికుండే ఫ్రీవీల్ అనే పళ్ళచక్రం పళ్ళు రంపంలా అయ్యాక ఆయన తిరిగి వచ్చాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి ముందు శుభ్రం చేయాలి. కిరసనాయిల్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి చైను తోమండి. నాన్న పక్కనుండాలి, పొయ్యి దగ్గర మాత్రం వద్దు. పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత కుట్టుమిషను నూనె ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క, అంతే. పెడల్ వెనక్కి తిప్పుతూ వేయండి, నూనె లోపలికి ఇంకుతుంది. పావుగంట ఆగి బయటి నూనెంతా తుడిచేయండి. ఇది చాలామంది చేయరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. రిమ్ముకి, బ్రేకు కట్టలకి చుక్క కూడా తగలకూడదు, బ్రేకు పట్టదు.

వంటనూనె వేయకండి, గాలికి జిగురుగా మారుతుంది. నాన్న దగ్గరున్న డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తరమడానికి బాగుంటుంది, పేరులోని డబ్ల్యూడీకి అర్థం కూడా అదే. చైనుకి ఎక్కువ రోజులు నిలిచే నూనె మాత్రం కాదది. చక్రాల హబ్బుల్లోని బేరింగు గోళీలకి గ్రీజు కావాలి, ఆ ఓవరాయిలింగ్ షాపులోనే చేయించండి.

ఇంకో పని. అంగుళాల స్కేలు తీసుకుని చైను మీద ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి, దాన్ని లెక్కలో కలపకుండా, 24వ పిన్ను మధ్యదాకా కొలవండి. కొత్త చైనులో అది సరిగ్గా 12 అంగుళాలు. చైను సాగిందని అందరూ అంటారు గానీ ఇనుము సాగదు. పిన్నులు ఒక్కొక్కటీ కాస్త కాస్త అరిగి, ఆ సందులన్నీ కలిసి పొడవవుతుంది. 12 మీద అంగుళంలో పదహారో వంతు, అంటే మేం వీసం అనేవాళ్ళం, అంత దాటితే చైను మార్చాలి. దానికి రెట్టింపు దాటేదాకా ఆగితే పళ్ళు కూడా మార్చాల్సి రావచ్చు.

ఆదివారం కొలిచి ఎంత వచ్చిందో రాయండి. వీసం దాటితే చెప్పండి, నా పెట్టెలో కొత్త చైను ఒకటి కాగితంలో చుట్టి ఉంది, పంపిస్తాను.

మీ తాతయ్య