ప్లాంటు ఆగిన రోజుల జీతం: తగాదా మూలం 1987లో

చౌటుప్పల్, చిట్యాల, పోలేపల్లి వైపు ఫార్మా, కెమికల్ యూనిట్లలో రియాక్టర్ (రసాయనాలను కలిపి చర్య జరిపే పెద్ద పాత్ర) ప్రమాదం జరిగి పని ఆపించినప్పుడల్లా ఒకటే తగాదా. మూతపడిన రోజులకు కాంట్రాక్టు కార్మికుల జీతం ఎవరివ్వాలి? ‘వాళ్లు మా మస్టర్‌లో లేరు, కాంట్రాక్టర్‌నే అడగండి’ అంటాయి యాజమాన్యాలు. చట్టం ముందు ఆ వాదన నిలవదు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం గురించి అందరికీ తెలుసు. పరిశ్రమ లెక్కలను తలకిందులు చేసినవి మాత్రం మరో రెండు. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీకి చట్టం ముందు బాధ్యుడు, కావాలి. మేనేజర్‌ను ముందుపెట్టి తప్పుకునే దారి మూసుకుపోయింది. జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1996లో దీన్ని సమర్థించింది. రెండోది 87-ఏ సెక్షన్. తీవ్ర ప్రమాదం పొంచి ఉందనుకుంటే ఇన్‌స్పెక్టర్ రాతపూర్వకంగా పని ఆపించే వీలుండేది. ఉత్తర్వు మూడు రోజులు ఉండేది, చీఫ్ ఇన్‌స్పెక్టర్ పొడిగిస్తే ఆపైన కూడా. దానివల్ల ఉపాధి దెబ్బతిన్న ఎవరికైనా జీతం ఇవ్వాల్సి ఉండేది, వీలైతే వేరే పని చూపాల్సి ఉండేది. పర్మినెంటా, కాంట్రాక్టా అని అందులో విడదీయలేదు. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం అప్పటికే చెప్పింది.

జరిమానాలు కంపెనీలను ఎప్పుడూ భయపెట్టలేదు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉల్లంఘన వల్ల కార్మికుడు చనిపోతే కనీస జరిమానా 25 వేలు. అసలు దెబ్బ ఆపివేతతోనే. రియాక్టర్‌లో సగం అయిన బ్యాచ్ పాడవుతుంది, సాల్వెంట్‌ను (కరిగించే ద్రావకాన్ని) జాగ్రత్తగా ఖాళీ చేయించాలి, కాలుష్య నియంత్రణ మండలి కూడా మూసివేత ఉత్తర్వు ఇస్తే కరెంటు పోతుంది. మళ్లీ తెరవాలంటే లోపాలు సరిచేసినట్టు ఆధారాలు చూపాలి. విదేశీ కొనుగోలుదారు ఈలోగా ఆర్డర్‌ను మరొకరికి మళ్లిస్తాడు.

ఇంత నష్టం తెచ్చే లోపాలు చాలాసార్లు చిన్నవే. రియాక్టర్ లోపల టోలుయిన్ అనే మండే సాల్వెంట్ ఉండగా మ్యాన్‌హోల్ తెరిచి ప్లాస్టిక్ సంచిలోంచి పొడి కుమ్మరిస్తారు. పొడి జారేటప్పుడు పుట్టే స్టాటిక్ విద్యుత్ నిప్పురవ్వ చాలు, ఆవిరి భగ్గుమంటుంది. ముందు నైట్రోజన్ నింపి, ఎర్తింగ్ క్లిప్ తగిలించి, మూసిన హాపర్‌తో పొడి వేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. రప్చర్ డిస్క్ (ఒత్తిడి మితిమీరితే పగిలి దాన్ని బయటికి వదిలే పలుచని రేకు) పైపును షెడ్డు బయటికి కాక లోపలికే వదిలేయడం ఇంకా ఘోరం. ఒత్తిడి పెరిగి డిస్క్ పగిలితే వేడి ఆవిరంతా మనుషుల మీదికే వస్తుంది.

చిన్న యూనిట్లు మూసివేతను తట్టుకోలేవన్న మాట నిజమే. ఆ భారాన్ని దినకూలీ నెత్తిన వేయమని మాత్రం ఏ చట్టమూ అనలేదు.

2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టాల స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. మరణానికి కనీస జరిమానా 5 లక్షలు, అందులో సగానికి తగ్గకుండా వారసులకు ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఆపిన రోజుల జీతం, కాంట్రాక్టర్ ఎగ్గొడితే యజమాని బాధ్యత కోడ్‌లోనూ ఉన్నాయి. కార్మికులు ముందుగా చేజిక్కించుకోవాల్సినవి ఆపివేత ఉత్తర్వు కాపీ, ఆ నెల గేటు రిజిస్టర్, కాంట్రాక్టర్ వేతన రిజిస్టర్. ఎవరు ఎన్నాళ్లు పనిలో ఉన్నారో తేల్చేవి అవే.